పరామర్శ కూడికకు వేళ

1952లో రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొన్న అమెరికా స్త్రీ టెరీస్ లాసర్, తరువాత తనవంటివారిని ఆసుపత్రి మంచములయొద్దనే పరామర్శింపసాగెను. 1970వ దశకమున కాలిఫోర్నియాలో డాక్టరు డేవిడ్ స్పీగెల్, ఆయన తోడివారు రోగులను వారమునకొకమారు గంటన్నరసేపు కూడబెట్టిరి. ఆయుష్షు దాదాపు రెట్టింపైనదని 1989లో వ్రాసిరి. 2001లో వెలువడిన కెనడా పరిశోధనలో ఆ మాట నిలువలేదు. నొప్పి, దిగులు మాత్రము తగ్గినవి. మాకు అదియే చాలును.

మన మండవల్లిలో వేళ కుదుర్చుటయే చిక్కు. రేడియేషనుకు సాధారణముగా సోమవారము మొదలు శుక్రవారము వరకు పట్నములోనే యుండవలెను. కీమో ఎక్కించిన వారమున చాలమంది లేవలేరు. తెల్లవారుజామున చెరువులలో చేపల పట్టుబడి. ఆదివారము ఆరాధన వెంటనే పెట్టితిమా, అన్యమతస్థులు గడప త్రొక్కరు. (క్యాన్సరు సంఘపు రిజిస్టరు చూచి రాదు గదా!) కనుక శనివారము మధ్యాహ్నము 3 గంటలకు, రైల్వే స్టేషనుకు దగ్గరి యింట అనుకొనుచున్నాము. రాలేనివారి యింటికి మనలో ఇద్దరు వెళ్లవలెను.