ముత్యానికి బెజ్జం

ఆ పుల్ల మంటల ఎయ్యి బిడ్డా, ఇగ ఇటు జరిగి కూసో. పొద్దుగాల రాజుల నగల బొమ్మలు చూసుకుంట ముత్యాల గురించి అడిగినవు గద. చెప్త ఇను.

మన మూసీల ముత్యపు చిప్ప దొరకదు. సముద్రం ఏడనో ఉన్నది. అయినా ముత్యాలు అంటె దేశమంత మన పత్తర్‌గట్టీ బజారు పేరే చెప్తరు. నిజాం నవాబులకు ముత్యం మీద అంత పాణం. బస్రా ముత్యాలు అంటరు గని అవి బస్రాల పుట్టినయి కావు. బహ్రెయిన్ దిక్కు సముద్రంల మనుషులు కాలికి రాయి కట్టుకొని, ముక్కు బిగబట్టుకొని, ఒక్క ఊపిరి మీద అడుగుకు దిగి చిప్పలు ఏరుకొచ్చేటోళ్లు. కుప్పల కొద్ది చిప్పలు తెరిస్తె ఒక్క మంచి ముత్యం దొరికేది. బస్రా రేవుల బేరాలు నడిచేటియి గనుక ఆ పేరు పడ్డది.

రాజులకు అదే ఎందుకు కావాల్నంటవా? వజ్రాన్ని సాన పడితెనే మెరుస్తది. ముత్యం అట్ల కాదు, చిప్పల నుంచి వచ్చుడే నిండుగ వస్తది. నవరత్నాలల్ల అది చంద్రునిది, సల్లదనానికి గుర్తు. అందుకే ఆడోళ్లే కాదు, నవాబులు సుత మెడ నిండ సరాలు ఏసుకునేటోళ్లు. భద్రాచలం రాములోరి పెండ్లికి సర్కారు పంపేది సుత ముత్యాల తలంబ్రాలే. ఆ రివాజు గోల్కొండ తానీషా కాలం నుంచి వస్తున్నదని పెద్దోళ్లు చెప్పేటోళ్లు. నవాబు తురకాయన, పెండ్లి రామునిది, నడుమ ముత్యం. నాకు ఆ ముచ్చట ఎన్నిసార్లు తలుసుకున్నా కండ్లల్ల నీళ్లొస్తయి.

మా నాయిన ముత్యాలకు బెజ్జాలు ఏసేటోడు. కట్టెముక్కకు సన్న గుంట చేసి అండ్ల ముత్యాన్ని కూసోబెట్టేది. కట్టెను తడుపుతె ఉబ్బి ముత్యాన్ని గట్టిగ పట్టుకునేది. ఇగ విల్లు బర్మాతోని మెల్లగ తిప్పుడే. పక్కన చిప్పల నీళ్లు. చిటికెన వేలు ముంచి చుక్క చుక్క ఏసుకుంట పోవాలె, లేకుంటె ఏడికి ముత్యం పగుల్తది. సగం దాక ఒక దిక్కు నుంచి, తిప్పి పెట్టి మల్ల ఇంకో దిక్కు నుంచి. రెండు బెజ్జాలు నడుమ కలవాలె. ఎంట్రుకంత పక్కకు పోయిందా, ముత్యం ధర పోయినట్టే. ఆయన బర్మా పట్టినప్పుడు మేం ఇంట్ల గట్టిగ నడిచేటోళ్లం సుత కాదు.

నిజాం నగలల్ల సత్లడ అని ఉన్నది. ఏడు పేటల హారం, 465 బస్రా ముత్యాలు. అన్ని ముత్యాలు రంగుల, గుండ్రంల ఒకదానికొకటి తగ్గట్టు కలవాల్నంటె ఎన్నేండ్లు ఏరి ఉంటరు బిడ్డా! ఎంతమంది బెజ్జాలు ఏసి ఉంటరు! నగ మీద నవాబు పేరున్నది. ఆళ్ల పేరు ఏడ లేదు.

తర్వాత కాలం తిరిగింది. జపానుల మికిమోటో అనేటాయన 1893ల చిప్పల్నే పెంచి ముత్యం పుట్టించిండు. ఆ పెంపుడు ముత్యాలు బజారుకు వచ్చినంక బస్రా బేరం కూలిపోయింది. 1932ల బహ్రెయిన్‌ల నూనె పడ్డది, సముద్రంల దిగేటోళ్లు ఆ పనికి పోయిండ్రు. ఇయ్యాల బజార్ల అమ్మేటియి చానామటుకు చైనా మంచినీళ్ల చెరువులల్ల పెరిగినయి.

నిజాం నగలు 173 కలిపి 1995ల ఢిల్లీ సర్కారు 218 కోట్లకు కొన్నది. రిజర్వు బ్యాంకుల భద్రంగ ఉన్నయి. 2001ల సాలార్‌జంగ్ మ్యూజియంల పెట్టిండ్రు. అప్పుడు లైన్ల నిలబడి సత్లడ చూసిన. నా ఎనక ఉన్నోళ్లు జరుగు జరుగుమన్నరు గని నా కాళ్లు కదలలే. ముత్యం పక్కన ముత్యం, నడుమ దారం సుత కనబడలే.

మల్ల ఎప్పుడన్న మన ఊర్ల పెడితె నువ్వు తప్పకుండ పో బిడ్డా. నవాబును తలుసుకున్నంక, మీ ముత్తాతను సుత ఒకపారి తలుసుకో.