బురదకో చక్రం, తారుకో చక్రం

మే నెల మధ్యాహ్నం బెజవాడ తారు రోడ్డు చెప్పుకు అంటుకుంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి అదే రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు. ఈ రెంటినీ ఒకే టైరుతో నెగ్గుకురావడమెలా అన్నది ఇవాళ వేగంగా పోయే ఖరీదైన కారు కొన్నవాళ్ళ చిక్కు. కృష్ణా డెల్టాకు ఈ చిక్కు ఎద్దుబండి రోజుల నుంచీ ఉన్నదే.

అసలు ఈ నేల మొదట్లో చక్రాన్ని పెద్దగా నమ్ముకోలేదు. పడవనే నమ్ముకుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, సరుకునూ మోశాయి. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు ఊరూరూ తిరిగేవి. కొమ్మమూరు కాలవలో పడితే బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా పోవచ్చు. 1889లో నైజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన లేచింది. ఇంద్రకీలాద్రికీ, నదికీ, రైలు కట్టకూ నడుమ ఇరుక్కుని పెరిగిన ఊరే ఇప్పటి వన్ టౌన్. పడవా రైలూ దించిన సరుకును ఆ ఇరుకు వీధుల్లోని కొట్ల గుమ్మాల దాకా చేర్చే పని మాత్రం బండిదే.

ఆ బండి చక్రం మీద ఇద్దరి చెయ్యి పడాలి. ఇరుసు, ఆకులు, చుట్టూ చెక్క వలయం వడ్రంగి పని. దాని మీద ఇనుప పట్టా ఎక్కించడం కమ్మరి పని. పట్టా చుట్టుకొలత చక్రం కంటే కాస్త తక్కువ ఉండేలా చూసుకునేవాడు. నేల మీద పిడకలు, చితుకులు గుండ్రంగా పేర్చి అందులో పట్టాను ఎర్రగా కాల్చేవారు. వేడికి ఇనుము సాగుతుంది. నలుగురు పట్టకార్లతో దాన్ని ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో సరిచేసి, వెంటనే నీళ్ళు గుమ్మరించేవారు. చల్లారిన పట్టా బిగుసుకుంటూ ఆకుల్నీ చెక్కల్నీ కలిపి నొక్కేస్తుంది. మేకూ జిగురూ అక్కర్లేదు.

అయితే ఆ చక్రానికీ రుతువులతో పేచీ ఉండేది. రోహిణి ఎండలకు చెక్క ఎండి కుదించుకుపోతే పట్టా వదులై ఊడిపోయేది. అందుకే ఎండాకాలంలో చక్రాలు విప్పి చెరువులో, కాలవలో నానబెట్టేవారు. వానాకాలం బాధ ఇంకోటి. సన్నటి పట్టా ఒండ్రు మట్టిని కోసుకుంటూ పోయి డొంకలో లోతుగా గాళ్ళు తీసేది. బండి ఇరుసు దాకా దిగబడితే ఇంకో జత ఎడ్లను కట్టాల్సిందే. పోనీ కంకర రోడ్డు వేస్తే బండికి సుఖమేగాని రోడ్డుకు కాదు. బరువంతా రెండు మూడు వేళ్ళ వెడల్పు ఇనుము మీద పడి కంకరను పిండి చేసేది. చక్రాన్ని బట్టి రోడ్డా, రోడ్డును బట్టి చక్రమా అన్న తగువుకు డెల్టాలో అప్పుడే బీజం పడింది.

గాలి నింపిన టైరు ఆలోచన స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్‌ది. 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి మోటారు బండి లేదు, సైకిలు లేదు, రబ్బరు ధర ఎక్కువ. దాంతో ఆ టైరు మూలపడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్ళీ కనిపెట్టాడు. ఆయన పేరుతో వెలసిన కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. కార్లతో పాటు ఎడ్లబండికీ గాలి టైరు వచ్చింది. బెంగుళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి 1970ల చివర్లో ఎడ్లబండ్ల మీద పెద్ద అధ్యయనమే చేశారు. ఇనుప చక్రాల బండి ఎడ్ల శక్తిని ఎంత వృథా చేస్తుందో, రోడ్లను ఎంత పాడు చేస్తుందో లెక్కలు తీశారు. కానీ రైతు ఏ నివేదిక కోసమూ ఆగలేదు. పాత లారీ ఇరుసు ఒకటి, అరిగిన టైర్లు రెండు సంపాదించి బండి కింద బిగించుకున్నాడు. ఎడ్లకు లాగుడు తగ్గింది. దిగబడే బాధ బదులు తుమ్మ ముల్లు గుచ్చుకుంటే పంచరు బాధ వచ్చింది.

రబ్బరు మీద ఆధారపడితే ఏమవుతుందో 1942లో తెలిసొచ్చింది. జపాన్ మలయా సహా ఆగ్నేయాసియాను పట్టుకోవడంతో ప్రపంచపు సహజ రబ్బరులో అత్యధిక భాగం మిత్రరాజ్యాలకు అందకుండా పోయింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. టైర్లు రేషన్‌లోకి వెళ్ళాయి. మద్రాసు ప్రెసిడెన్సీ బస్సులు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని ఆ గ్యాసుతో నడిచాయి. పెట్రోలుకు బదులు బొగ్గు దొరికింది గాని టైరుకు బదులేదీ దొరకలేదు. అరిగినదాన్నే అతుకులేసి తిప్పారు.

యుద్ధం తర్వాత బెజవాడను కాలవల ఊరి నుంచి లారీల ఊరిగా మార్చింది వంతెనలు, రహదారులే. 1957 డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ తెరిచారు. దాని మీద రోడ్డు ఉండటంతో గుంటూరు వైపు రాకపోకలు సుళువయ్యాయి. మద్రాసు–కలకత్తా రహదారీ, హైదరాబాదు–బందరు రహదారీ ఇక్కడే కలుస్తాయి. 1958లో ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో బస్సుల జాతీయీకరణ మీద ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదివేది దీన్నే. వాదనలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. ఇది సరైన విచారణ కాదని 1958 నవంబరులో కోర్టు తేల్చింది. మెజారిటీ తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. బస్సు యజమానులకు దక్కింది వాయిదా మాత్రమే. చివరికి బస్సులు ఆర్టీసీకే వెళ్ళాయి. ప్రైవేటు చేతుల్లో లారీలు మిగిలాయి.

ఆ లారీల కోసమే ఊరికి తూర్పున 1966లో జవహర్ ఆటోనగర్ వెలిసింది. బాడీ కట్టడం, ఇంజన్ విప్పడం, కమాను పట్టీలు సరిచేయడం, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పొర ఎక్కించే రీబటన్ వేయడం అన్నీ అక్కడే. రీబటన్ చరిత్రను చిన్నచూపు చూడకూడదు. మద్రాసులో 1946లో బుడగలు తయారుచేస్తూ మొదలైన ఎంఆర్‌ఎఫ్, 1952లో అడుగుపెట్టింది కొత్త టైర్ల తయారీలోకి కాదు, అరిగిన టైరు మీద వేసే రబ్బరు వ్యాపారంలోకి. కొత్త టైర్లు 1960లలో గాని రాలేదు. అతుకుల వ్యాపారమే ఆ కంపెనీకి బడి అన్నమాట.

రీబటన్‌కు శత్రువు ఎండ. బరువు ఎక్కువై, గాలి తక్కువై, రోడ్డు కాలిపోతుంటే టైరు లోపల వేడి పెరిగి పై పొర ఊడిపోతుంది. వేసవిలో హైవే పక్కన నల్లటి రబ్బరు పీలికలు కనిపించేది అందుకే. డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు. స్టీరింగు ఉన్న ముందు చక్రాలకు కొత్త టైర్లు, వెనక జతలకు రీబటన్‌వి. వెనక ఒకటి పేలినా పక్కది మోస్తుంది. ముందుది పేలితే బండి చేతిలో ఉండదు. ఏ కంపెనీ పుస్తకమూ చూడకుండా రుతువునూ రోడ్డునూ బట్టి టైరు ఎంచుకున్న తొలి నిపుణులు వీళ్ళే.

కాలాన్ని బట్టి చక్రమే మార్చేసే ఆచారం మాత్రం లారీలది కాదు, ట్రాక్టర్లది. సార్వాకు కాలవ నీళ్ళు వదిలారంటే డెల్టా ట్రాక్టర్లకు దమ్ము చక్రాలు వస్తాయి. ఇనుప పట్టీలతో పంజరంలా ఉండే ఈ చక్రాలను కొందరు రబ్బరు టైర్ల పక్కన బిగిస్తారు, కొందరు టైర్లు విప్పేసి వాటి స్థానంలో పెడతారు. పల్చటి బురదలో రబ్బరు జారుతుంది. ఇనుము మట్టిని పట్టుకుంటుంది, గడ్డిని తొక్కేస్తుంది, దమ్ము సమంగా చేస్తుంది. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోతూ వాటితోనే తారు రోడ్డెక్కితే మాత్రం రోడ్డు మీద గీసినట్టు చారలు పడతాయి. కేసులు పెడతామని అధికారులు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. ఇనుప పట్టాకూ కంకరకూ మధ్య నూరేళ్ళ కిందటి తగువు ఇంకా తేలలేదు.

ఇక వేగం సంగతి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఫార్ములా వన్‌లో ఎండకు నున్నటి టైరు, జల్లుకు ఒకటి, కుండపోతకు ఇంకొకటి మారుస్తారు. ఆ ఫార్ములా ఈ పోటీలో అలా కాదు. ఎండైనా వానైనా గాడి ఉన్న ఒకే రకం టైరు, అప్పుడు హాంకూక్ తయారుచేసింది. తెలుగు గడ్డ మీద పరుగెత్తిన ఆ పోటీ కార్లు 'అన్ని కాలాల' టైర్ల మీదే పరుగెత్తాయన్నమాట. ఆ రోజు వాన రాలేదు, టైరుకు అసలు పరీక్షా రాలేదు.

దాన్ని చూసి కొట్లో 'ఆల్ సీజన్' అన్న మాట కనిపించగానే కొనేయడం పొరపాటు. ఆ జాతి టైర్లు చలిదేశాల అవసరంలోంచి పుట్టినవి. అమెరికాలో గుడ్‌ఇయర్ 1977లో తెచ్చిన టియెంపో వాటికి ఆద్యం. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగితే మామూలు వేసవి టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. అప్పుడు మెత్తటి రబ్బరు కావాలి. కెనడాలోని క్విబెక్‌లో స్థిరపడిన తెలుగువాడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు టైర్లు వేయకపోతే చట్టం ఊరుకోదు. విజయవాడలో 7 డిగ్రీలు ఎవరూ చూడరు. మంచు కోసం మెత్తబరిచిన రబ్బరు ఇక్కడి మే నెల రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, మలుపులో మెదులుతుంది కూడా.

ఇక్కడ కావలసింది వేడికి తట్టుకుంటూ నీళ్ళను పక్కకు తోసే టైరు. స్పోర్ట్స్ కారుకు ఇది మరీ ముఖ్యం. చిన్న కారు టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లయితే దానిది 245, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. పొడి రోడ్డు మీద ఆ వెడల్పే బలం. నిలిచిన నీళ్ళలో అదే బలహీనత, తోయాల్సిన నీళ్ళు ఎక్కువ కదా. టైరు నీటి మీద తేలిపోయే వేగానికి 1960లలో నాసా ఇంజనీర్లు ఒక లెక్క కట్టారు. అది గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఆ లెక్క ప్రకారం 32 పీఎస్‌ఐ ఉన్న టైరు గాళ్ళు అరిగిపోయి నిండు నీళ్ళలోకి వెళితే గంటకు 94 కిలోమీటర్ల దగ్గర రోడ్డును వదిలేస్తుంది. గాలి తగ్గితే ఇంకా ముందే. హైదరాబాదు రహదారి మీద ఆ వేగం ఎవరికీ వేగంగా అనిపించదు. ఇక 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచి, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు పనికొచ్చింది ఏ టైరూ కాదు, పడవే.

కాబట్టి కొనేటప్పుడు బ్రాండు పేరు తర్వాత, తడి రోడ్డు మీద పట్టు ఎంతో ముందు అడగండి. పట్టుకు కనీస ప్రమాణాలు పాటించాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది కూడా. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైంది. గోడౌనులో ఏళ్ళ తరబడి వేడికి మగ్గినదాన్ని కొత్తదని అంటగడితే తీసుకోవద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా చట్టం ఒప్పుకుంటుంది. బెజవాడ వాన ఒప్పుకోదు. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే జూన్ తొలకరికి ముందే మార్చేయండి.