పదవీ విరమణ సొమ్ముపై రాబడి

ఉద్యోగ విరమణ వేళ ఒకేసారి చేతికందే మొత్తాన్ని మదుపు చేస్తే ఏటా ఎంత రాబడి ఆశించవచ్చన్న అంచనా ఇది. గ్రాట్యుటీ, పీఎఫ్ నిల్వ, సెలవుల నగదు, కమ్యుటేషన్ సొమ్ము కలిస్తే ఆ మొత్తం అవుతుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్)లో ఉన్నవారు తమ నిధిలో 60 శాతం దాకా నగదుగా తీసుకోవచ్చు, మిగతా దానితో క్రమం తప్పక పెన్షన్ ఇచ్చే యాన్యుటీ కొనాలి. అసలుకు ప్రభుత్వ హామీ ఉన్న పథకాల్లో ఏడాదికి 7 నుంచి 8 శాతం, పన్నూ ధరల పెరుగుదలా పోను రెండు మూడు శాతం మిగులు అనుకోవడం 2025 నాటి పరిస్థితుల్లో సబబు.

ఈ అంకె వినగానే చాలామందికి చప్పగా అనిపిస్తుంది. తెలుగునాట వడ్డీని నెలకు నూటికి ఇంత అని లెక్కగడతారు. రెండు రూపాయల వడ్డీ అంటే సాలుకు 24 శాతం. ఆ కొలతలో 8.2 శాతం 68 పైసలే. అయితే రెండు రూపాయలకు అప్పు తీసుకునే మనిషికి సాధారణంగా బ్యాంకులో అప్పు పుట్టదు. అసలు మునిగే ముప్పుకు కట్టిన ధర కూడా ఆ రేటులోనే ఉంటుంది.

హామీ ఉన్న పథకాలు

అందరికీ తెలిసిన కొలబద్ద 2004లో మొదలైన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. గరిష్ఠ పరిమితి 2023 ఏప్రిల్‌లో రూ.15 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెరిగింది. అప్పటి నుంచి వడ్డీ 8.2 శాతం. పూర్తి 30 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంది, అంటే నెలకు రూ.20,500. వడ్డీపై పన్ను ఉంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి మిగిలేది ఆరున్నర శాతం. రిజర్వు బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం ద్రవ్యోల్బణాన్ని అందులోంచి తీసేస్తే రెండున్నర.

వడ్డీ రేటు ఐదేళ్లూ మారదు కానీ, గడువు తీరాక పాత రేటు దొరుకుతుందన్న భరోసా లేదు. 2020 ఏప్రిల్‌లో ఈ రేటు 8.6 నుంచి 7.4 శాతానికి దిగింది. మార్చిలో 15 లక్షలు వేసినవారికి త్రైమాసికానికి రూ.32,250, నెల ఆలస్యంగా వేసినవారికి రూ.27,750. 2020-21 ఆర్థిక సంవత్సరంలో సగటు ద్రవ్యోల్బణం 6.2 శాతం.

కమ్యుటేషన్ లెక్క

పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే అమ్ముకుని తెచ్చుకునే ఈ సొమ్ముకు ఖరీదు ఉందని చాలామంది గమనించరు. కేంద్ర పట్టిక ప్రకారం 60 ఏళ్లకు రిటైరైన వ్యక్తి నెలకు వెయ్యి రూపాయల పెన్షన్ వదులుకుంటే 8.194 గుణకంతో రూ.98,328 వస్తుంది. బదులుగా 15 ఏళ్లలో కోతపడేది రూ.1,80,000. వడ్డీగా చూస్తే దాదాపు 9 శాతం. పన్ను పరిధిలోకి రాని చిన్న పెన్షనరు ఈ డబ్బును 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే తొమ్మిదికి అప్పు తెచ్చి ఏడుకు ఇచ్చినట్టే. ప్రభుత్వ ఉద్యోగులకు కమ్యుటేషన్ మొత్తంపై పన్ను లేదు, వదులుకున్న పెన్షన్‌పై ఉండేది. అందువల్ల 20 శాతం శ్లాబు వారికి ఖరీదు ఐదున్నర శాతం దరిదాపులకు తగ్గుతుంది, వారికి బేరం గిట్టుబాటే. పెన్షనరు మధ్యలో మరణిస్తే కోత ఆగిపోతుంది.

షేర్ మార్కెట్

షేర్లలో దీర్ఘకాలిక సగటు రాబడి ఎక్కువే. నెలనెలా డబ్బు తీసుకునే వ్యక్తికి సగటు కంటే ఏ ఏడాది ముందు పడిందన్నదే ముఖ్యం. సెన్సెక్స్ 2007 చివర 20,287, 2008 చివర 9,647, 2009 చివర 17,465, 2010 చివర 20,509. మూడేళ్లలో సూచీ మొదటికొచ్చింది. 2008 మొదట్లో 30 లక్షలు పెట్టి, ప్రతి ఏడాది ఆరంభంలో రూ.2.4 లక్షలు వాడుకున్న వ్యక్తి సంగతి వేరు. డివిడెండ్లు, ఖర్చులు వదిలేస్తే, తీసుకున్న 7.2 లక్షలు పోను 22.8 లక్షలు ఉండాల్సిన చోట మిగిలేది సుమారు 20 లక్షలు. నేల మీదున్న ధరకు అమ్ముకున్న యూనిట్లు తర్వాతి పెరుగుదలలో పాలుపంచుకోవు. అమెరికా గణాంకాల ఆధారంగా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో తొలి ఏడాది 4 శాతం, ఆపై ద్రవ్యోల్బణం మేర పెంచుతూ తీసుకుంటే 30 ఏళ్లు నిధి నిలుస్తుందని చూపాడు. దాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం తొందరపాటు.

అధిక వడ్డీ ఆశ

బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల దాకా బీమా ఉంది. చేబదుళ్లకు, ప్రైవేటు కంపెనీల పథకాలకు అది వర్తించదు. జనం నుంచి డిపాజిట్లు సేకరించి తిరిగి చెల్లించలేకపోయిన ప్రైవేటు సంస్థ అగ్రిగోల్డ్‌లో సొమ్ము ఇరుక్కున్నవారు లక్షల్లో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో రూ.10 వేల లోపు, 2021లో రూ.20 వేల లోపు డిపాజిట్‌దారులకు మాత్రం ఖజానా నుంచి చెల్లించింది.