సొంతం కాని కారు

2005వ సంవత్సరం ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, బర్బాంక్ పట్టణంలో ఒక కంచె పక్కన కొందరు రాత్రింబగళ్ళు కాపలా కూర్చున్నారు. కంచె లోపల ఉన్నవి 78 కార్లు. ఆ కార్లను ఒకప్పుడు నడిపినవాళ్ళు కూడా కాపలావాళ్ళలో ఉన్నారు. వంతులు వేసుకుని 28 రోజులపాటు అక్కడే ఉన్నారు. వాళ్ళు వాటిని ఊరికే ఇమ్మని అడగలేదు. ఒక్కో కారుకు 24,000 డాలర్ల చొప్పున, మొత్తం సుమారు 19 లక్షల డాలర్లు ఇస్తాం, మాకు అమ్మండి అన్నారు. కార్ల తయారీదారు జనరల్ మోటార్స్ కంపెనీ అమ్మలేదు. చివరికి లారీలు వచ్చాయి. అడ్డుపడబోయినవాళ్ళను పోలీసులు పట్టుకెళ్ళారు. కార్లు వెళ్ళిపోయాయి.

ఒక యంత్రం కోసం మనుషులు ఇంతగా తపించడం వింతగా తోచవచ్చు. కానీ బండి మీద మమకారం మనకేమీ కొత్త కాదు. ఆయుధపూజ నాడు బెంగుళూరులోనూ హోసూరులోనూ సైకిలు మొదలు బస్సు దాకా పసుపు, కుంకుమ, పూలదండ లేకుండా కనిపించవు. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించనిదే బండి కదలదు. అన్నం పెట్టే పనిముట్టును గౌరవించడం మన పద్ధతి. అయితే కాలిఫోర్నియావాళ్ళ మమకారంలో ఇంకొక బాధ కలిసి ఉంది. వాళ్ళు ప్రేమించిన కారు ఏ రోజునా వాళ్ళది కాదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే విద్యుత్ కారు చరిత్రను మొదటినుంచి చెప్పుకోవాలి.

విద్యుత్ కారు నిన్నమొన్నటి వస్తువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్రోలు కారుకు తోబుట్టువు. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటిన మొదటి కారు విద్యుత్ కారే. 1899 ఏప్రిల్‌లో కామీ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు ఫ్రాన్సులో తూటా ఆకారంలో ఉన్న బండిని ఆ వేగంతో నడిపాడు. 1900లో అమెరికాలో తయారైన కార్లు సుమారు 4,200. అందులో ఆవిరి కార్లు 1,681, విద్యుత్ కార్లు 1,575, పెట్రోలు కార్లు 936. అంటే ముగ్గురిలో పెట్రోలు కారుదే ఆఖరి స్థానం.

ఆనాటి పెట్రోలు కారును బయల్దేరదీయడం చిన్న పని కాదు. ముందుకు వచ్చి ఇనుప హ్యాండిలు పట్టుకుని బలంగా తిప్పాలి. ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. చప్పుడు, పొగ, వాసన, గేర్లతో కుస్తీ సరేసరి. విద్యుత్ కారుకు ఇవేవీ లేవు. ఎక్కి కూర్చుని మీట జరిపితే కదిలిపోయేది. 1907 నుంచి డిట్రాయిట్ నగరంలో ఆండర్సన్ వారు తయారుచేసిన డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్లు చూడటానికి చిన్న అద్దాల గదిలా ఉండేవి. స్టీరింగ్ చక్రానికి బదులు పడవ చుక్కాని లాంటి పిడి ఉండేది. వేగం గంటకు 30 కిలోమీటర్లకు కాస్త పైన. ఊళ్ళో తిరగడానికి అది చాలు.

మోడల్ టి కారుతో లోకాన్నంతా పెట్రోలు బండి ఎక్కించిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ నడిపినది కూడా డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే. ఆమె వాడిన 1914 నాటి కారు నేటికీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. భర్త ఫ్యాక్టరీ నుంచి లక్షల కార్లు బయటికి వస్తూ ఉండగా ఆమె వేరొకరి కారును కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు కావలసింది చప్పుడు లేకుండా, చేతికి మసి అంటకుండా పని జరగడం.

మరి ఆ కారు ఎందుకు ఓడిపోయింది? మొదటి కారణం ధర. 1912 ప్రాంతంలో విద్యుత్ కారు 1,750 డాలర్లు పలికితే, పెట్రోలు కారు 650 డాలర్లకే దొరికేది. రెండవది దూరం. ఊళ్ళ మధ్య రోడ్లు పడిన కొద్దీ జనానికి దూరప్రయాణాల మీద మోజు పెరిగింది. పల్లెల్లో కరెంటు లేదు, పెట్రోలు డబ్బాలో మోసుకుపోవచ్చు. మూడవ కారణం విచిత్రమైనది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ అమర్చారు. హ్యాండిలు తిప్పే బాధ తీరింది. ఆ స్టార్టర్ ఏమిటంటే ఒక బ్యాటరీ, ఒక విద్యుత్ మోటారు. విద్యుత్ కారుకున్న సుఖాన్ని కొంత అరువు తెచ్చుకునే పెట్రోలు కారు దాన్ని గెలిచిందన్నమాట. డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీ చిక్కి శల్యమై 1939లో మూతపడింది.

తరువాత అర్ధ శతాబ్దం విద్యుత్ కారు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1987లో ఆస్ట్రేలియాలో ఎండతో నడిచే కార్ల పందెం జరిగింది. అందులో జనరల్ మోటార్స్ వారి సన్‌రేసర్ నెగ్గింది. దాని రూపకల్పనలో పాల్గొన్నవారు పాల్ మెక్రీడీ నడిపే ఏరోవైరన్‌మెంట్ సంస్థవారు. మనిషి కాలితో తొక్కి ఎగిరించే విమానం చేసిన మెక్రీడీ ఈయనే. అదే బృందం సాయంతో తయారైన ఇంపాక్ట్ అనే విద్యుత్ కారును 1990 జనవరిలో లాస్ ఏంజెలిస్ ప్రదర్శనలో పెట్టారు. అప్పటికి కాలిఫోర్నియా పొగమంచుతో ఉక్కిరిబిక్కిరవుతోంది. ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఈ కారును చూసి ధైర్యం తెచ్చుకుని, 1998 నాటికి పెద్ద కంపెనీలు అమ్మే కార్లలో నూటికి రెండు, 2003 నాటికి నూటికి పది పొగ విడవనివి కావాలని అదే సంవత్సరం నిబంధన చేసింది. తను చేసిన కారే తన మెడకు చుట్టుకుంటుందని కంపెనీ ఊహించి ఉండదు.

1996 డిసెంబరులో ఇ.వి.1 పేరుతో ఆ కారు కాలిఫోర్నియా, అరిజోనాల్లో రోడ్డెక్కింది. ఇద్దరే కూర్చోవచ్చు. నీటిబొట్టులా నున్నటి ఆకారం. తాళంచెవి లేదు, అంకెలు నొక్కితే బయల్దేరుతుంది. సీసం బ్యాటరీల బరువే 500 కిలోలు దాటింది. నిండా చార్జి చేస్తే 100 నుంచి 150 కిలోమీటర్లు పోయేది. 1999లో వచ్చిన రెండవ రకంలో నికెల్ బ్యాటరీలు పెట్టాక 200 కిలోమీటర్ల దాకా పెరిగింది. రెండు రకాలూ కలిపి తయారైనవి 1,117 మాత్రమే.

అయితే ఒక షరతు. కారును అమ్మరు, అద్దెకిస్తారు. 34,000 డాలర్ల విలువ కట్టి నెలనెలా అద్దె వసూలుచేశారు. గడువు తీరాక కొనుక్కునే హక్కు లేదు. తీసుకున్నవాళ్ళు ఆ షరతుకు సంతకం పెట్టే తీసుకున్నారు.

వాళ్ళు ఆ కారులో ఏమి చూసి మురిశారు? విద్యుత్ కారు నడిపినవాళ్ళకు అది సులభంగానే అర్థమవుతుంది. పెట్రోలు ఇంజను వేగం అందుకున్నాక గాని పూర్తి బలం చూపదు. విద్యుత్ మోటారు కదిలిన క్షణం నుంచే బలమంతా ఇస్తుంది. కాలు పెడితే చాలు, వెనుకనుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు పోతుంది. కాలు తీస్తే మోటారే డైనమోగా మారి, బ్రేకులో వేడిగా పోవలసిన శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుస్తుంది. సిగ్నలు దగ్గర ఆగితే నిశ్శబ్దం. రాత్రి ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి బండి సిద్ధం. ఆయిలు మార్చడం లేదు, సైలెన్సరు లేదు. ప్రేమ మొదట మెరుపు వేగం వల్ల పుట్టినా, నిలబడింది మాత్రం ఈ దినదినపు నెమ్మది వల్లనే.

లోపాలు లేవని కాదు. 2000లో చార్జింగు భాగం వేడెక్కి మంటలు లేచే ప్రమాదముందని మొదటి రకం కార్లు 450 దాకా కంపెనీ వెనక్కి పిలిపించింది. ఎయిర్ కండిషనరు వేస్తే దూరం తగ్గేది. ఇంకెన్ని కిలోమీటర్లు మిగిలాయో అని ముల్లు చూస్తూ నడపడం కొందరికి పరీక్షే.

2003లో కంపెనీ కార్యక్రమం ముగించింది. దాదాపు వంద కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, కొనేవాళ్ళు తక్కువ, విడిభాగాలు చేసేవాళ్ళు లేరు, రోడ్డు మీద వదిలితే రేపు పూచీ మాది అవుతుంది, ఇదీ కంపెనీ వాదన. కొనేవాళ్ళు లేరన్నది అబద్ధం, మేం వరుసలో నిలబడి ఉన్నాం గదా అన్నది వాడినవాళ్ళ వాదన. కార్ల కంపెనీల ఒత్తిడితో వాయు వనరుల బోర్డు కూడా నిబంధనలను అంతకంతకు సడలించింది. 2003 జూలైలో హాలీవుడ్ శ్మశానవాటికలో ఆ కారుకు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. తరువాతది బర్బాంక్ కాపలా. వెనక్కి తీసుకున్న కార్లలో అధికభాగాన్ని తుక్కు చేశారు. సుమారు 40 కార్లను నడవకుండా చేసి కాలేజీలకు, మ్యూజియంలకు ఇచ్చారు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చిన ఒక్కటే అంగవైకల్యం లేకుండా మిగిలింది. 2006లో క్రిస్ పెయిన్ ఈ ఉదంతం మీద డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. అదే సంవత్సరం ఆ కంపెనీ అధిపతి రిక్ వాగనర్, ఇ.వి.1ను ఆపేయడం తాను చేసిన పెద్ద పొరపాటని ఒప్పుకున్నాడు.

ఇక్కడ పక్కన పెట్టి చూడవలసిన కారు ఇంకొకటి ఉంది. టయోటావారి రావ్4 విద్యుత్ కారు అదే కాలంలో, అదే కాలిఫోర్నియాలో నడిచింది. దాన్ని కూడా మొదట అద్దెకే ఇచ్చారు. కానీ 2002లో 300 పైచిలుకు కార్లను జనానికి అమ్మారు. ఆందోళన జరిగాక అద్దెదారులు కొందరికీ కొనుక్కునే అవకాశం ఇచ్చారు. ఆ కార్లలో కొన్ని లక్ష మైళ్ళు దాటి తిరిగాయి. రెండింటి మధ్య తేడా యంత్రంలో కన్నా దస్తావేజులో ఎక్కువ ఉంది.

ఇక మన బెంగుళూరు సంగతి. 1990లో మిచిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేసిన సౌర కారు ఆస్ట్రేలియా పందెంలో మూడవ స్థానంలో వచ్చింది. ఆ బృందంలో బెంగుళూరు కుర్రవాడు చేతన్ మైని ఉన్నాడు. 1994లో మైని కుటుంబ సంస్థ, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ సంస్థతో కలిసి రేవా కంపెనీని పెట్టింది. బొమ్మసంద్రలో తయారైన రేవా కారు 2001లో రోడ్డెక్కింది. రెండు తలుపులు, వెనుక పిల్లలు మాత్రమే పట్టే చోటు, ఎనిమిది సీసం బ్యాటరీలు, ఒక చార్జికి 80 కిలోమీటర్లు. గీజరుకు వాడే 15 యాంపుల ప్లగ్గు చాలు. క్లచ్చి లేదు, గేరు లేదు. బెంగుళూరు రద్దీలో సిగ్నలు సిగ్నలుకూ ఆగేవాళ్ళకు అదొక వరం. బ్రిటన్‌లో జి-విజ్ అనే పేరుతో ఈ కారునే అమ్మారు. అక్కడ 2007లో జరిగిన ఢీకొనే పరీక్షల తరువాత దాని భద్రత మీద గట్టి విమర్శలు వచ్చాయి, అవి కొట్టిపారేయదగ్గవి కావు. 2010లో మహీంద్రావారు కంపెనీలో పెద్ద వాటా కొన్నారు. 2012లో రేవా తయారీ ఆగిపోయింది. వివిధ దేశాల్లో కలిపి అమ్ముడుపోయినవి నాలుగు వేల పైచిలుకు.

పక్కపక్కన పెడితే రేవా ఇ.వి.1కు సాటిరాదు. అది పంచకల్యాణి అయితే ఇది బుడ్డ గాడిద. కానీ రేవాను కొన్నవాడి చేతిలో కాగితం ఉంది. బ్యాటరీ చచ్చిపోతే కొత్తది వేయించుకుంటాడు. కంపెనీ తయారీ మానేసినా తన బండి ఎవరూ లాక్కుపోరు. మెకానిక్కును పట్టుకుంటాడో, షెడ్డులో దాచుకుంటాడో అతని ఇష్టం. బుడ్డ గాడిదైనా మన పెరట్లో కట్టుకున్నది మనది.

విద్యుత్ కారు పొగ విడవదన్న మాటను కూడా అతిగా నమ్మకూడదు. మన దేశంలో కరెంటులో సగానికి మించి బొగ్గు నుంచే వస్తోంది. బ్యాటరీల్లో వాడే ఖనిజాలకు ఎక్కడో ఒకచోట నేల తవ్వాలి. అయినా ఊరి నడుమ పిల్లల ముక్కుపుటాలకు పొగ తగలకపోవడం చిన్న లాభం కాదు.

నేడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లోని మనవాళ్ళకు ఈ కథ దూరపుది కాదు. 2021 నుంచి హోసూరులోనూ, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనూ విద్యుత్ స్కూటర్ల ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. తెలుగు ఇంటి మాటగా ఉన్న తాలూకాల మధ్యనే ఆ బండ్లు పుడుతున్నాయి. దానితోపాటు 2024లో కారును అమ్మి, బ్యాటరీని మాత్రం కిలోమీటరుకు ఇంత అని అద్దెకిచ్చే పద్ధతి కూడా మన దేశంలో కార్లకు వచ్చింది. కొనేటప్పుడు ధర తగ్గుతుంది, నిజమే. అది కొందరికి మేలు చేయవచ్చు. కానీ బ్యాటరీ లేని విద్యుత్ కారు ఎద్దు లేని బండి. ఎద్దు పరాయివాడిది అయినప్పుడు, దాన్ని ఎప్పుడు విప్పుకుపోవచ్చునో కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం చదవాలి.

బర్బాంక్ కంచె దగ్గర కూర్చున్నవాళ్ళు మోసపోయినవాళ్ళు కారు. అంతా తెలిసే సంతకం పెట్టారు. ప్రేమిస్తామని మాత్రం ముందుగా వాళ్ళకు తెలియదు. సంతకం పెట్టేనాటికి అది ఒక కారు. తిరిగి ఇచ్చేనాటికి అది వాళ్ళ కారు. వాళ్ళు చెక్కు పట్టుకుని నిలబడ్డా ఆ తేడా కంపెనీ లెక్కల్లో ఎక్కడా ఎక్కలేదు.