టికెట్ అడిగిన పిల్ల

పోయిన దసరా సెలవులకు ముందు సంగతి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బ్యాగు దులుపుతుంటే లెక్కల నోట్సులోంచి ఒక కాగితం జారిపడింది. ప్రిన్సిపాల్ గారికి రాసిన ఉత్తరం. ఆడపిల్లల బాత్రూముల తలుపులకు గడియలు ఊడిపోయి నాలుగు నెలలైందట. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలట. నెలసరి రోజుల్లో కొందరు బడికే రావడం లేదట. కింద పదిహేడు మంది సంతకాలు. మొదటి సంతకం మా పిల్లదే.

నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "వచ్చే ఏడాది పదో తరగతి. ఇప్పుడు వాళ్ళతో గొడవెందుకే? అందరికంటే ముందు నీ పేరే ఉండాలా?" అని కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టేశాను. అది నా మొహంలోకి ఒకసారి చూసి ఊరుకుంది. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో బడి కబుర్లు లేవు. "ఏమైందే ఇవాళ?" అంటే "ఏం లేదు" అనేది. అంతే.

ఆ రోజుల్లోనే మా కాలనీ మహిళా సంఘం వాళ్ళు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. బి.ఏ. తెలుగు చదివాను కదా, ఇలాంటివన్నీ నాకే అప్పజెప్తారు. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ, పద్మవిభూషణ్... తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి కూర్చుందామనుకున్నాను. తీరా చదవడం మొదలుపెట్టాక ఆవిడ పెద్దయ్యాక చేసిన పనులకంటే, మా అమ్మాయి వయసులో చేసిన పనుల దగ్గరే ఆగిపోయాను.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఆ కాలంలో అది వింతేమీ కాదు. వింత ఆ తర్వాతిది. బడిలో ఇంగ్లీషు మాధ్యమం రుద్దుతున్నారని ఆ పిల్ల చదువు మానేసింది. మానేసి ఊరికే కూర్చోలేదు. తను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకూ ఆడవాళ్ళకూ హిందీ నేర్పడానికి ఒక పాఠశాలే పెట్టింది. పెళ్లి సంగతీ అంతే. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని, ఇంకో పెళ్లి చేసుకోమని భర్తకు తానే చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆమె వైపు నిలబడ్డారు. వందేళ్ల కిందటి గోదావరి జిల్లాలో ఒక తండ్రి కూతురి పక్కన అలా నిలబడటం ఎంత పెద్ద మాటో మనకు తెలియనిది కాదు.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పుడు పన్నెండో ఏడు నడుస్తోంది. ఊరంతా ఆయన్ను చూడబోతోంది. మరి దేవదాసీలో? ఘోషా పాటించే ముస్లిం స్త్రీలో? నలుగురిలోకి రాలేని వాళ్ళకు కదా ఆయన మాట వినాల్సిన అవసరం ఎక్కువ, అనుకుంది ఆ పిల్ల. వెళ్లి నిర్వాహకులను అడిగింది. ఐదు వేల రూపాయల నిధి పోగుచేసి ఇస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు వాళ్ళు. చిన్నపిల్ల, చేతకాక తనే ఊరుకుంటుందని అనుకున్నారేమో. ఐదు వేలంటే ఆ రోజుల్లో మాటలా?

దేవదాసీలతో మాట్లాడింది. డబ్బు వాళ్ళే పోగుచేశారు. సభ పెట్టుకోవడానికి చోటు కావాలి. ఒక బడి ప్రధానోపాధ్యాయుడు తమ ఆవరణ వాడుకోమన్నారు. ఆ రోజు వందల మంది ఆడవాళ్ళు వచ్చారు. కొద్ది నిమిషాలన్న గాంధీగారు వాళ్ళ మధ్య చాలాసేపు ఉండిపోయారు. ఒంటిమీది నగలు తీసి ఆయన ముందు పెట్టారట ఆడవాళ్ళు. ఆయన హిందీ ప్రసంగాన్ని అక్కడ తెలుగులో చెప్పింది దుర్గాబాయే. అది ఆయనకు ఎంత నచ్చిందంటే, తర్వాత జరిగిన పెద్ద సభలో కూడా ఆ పిల్లే తర్జుమా చేయాలన్నారు. అక్కడ ఆ పని చేయాల్సింది కొండా వెంకటప్పయ్య గారంతటి పెద్దాయన. ఇదంతా దుర్గాబాయి తన ఆత్మకథ 'చింతామన్ అండ్ ఐ'లో చెప్పుకున్నారు.

ఇక రెండో ముచ్చట మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టికెట్ లేనివాళ్ళను లోపలికి వదలకూడదని చెప్పి పద్నాలుగేళ్ళ దుర్గాబాయిని గేటు దగ్గర నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమె మీద కేకలేశారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. చివరికి వాళ్ళు టికెట్ కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. వెళ్తూ ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

ఈ కథ మనం ఎప్పుడు చెప్పినా ఆ పిల్లనూ నెహ్రూనూ చెప్పి ఊరుకుంటాం. ఈసారి నాకు మధ్యలో ఉన్న నిర్వాహకులు కనిపించారు. గేటు దగ్గర నిలబెట్టిందీ వాళ్ళే, టికెట్ చూడమన్నదీ వాళ్ళే. తీరా చెప్పింది చెప్పినట్టు చేస్తే కోప్పడిందీ వాళ్ళే. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పెద్దాయన ఏమనుకుంటారోనన్న భయం, అంతే. చదువుతుంటే నా చెంప ఛెళ్లుమన్నట్టయింది. అన్యాయం జరిగితే ఊరుకోకూడదని, అబద్ధం ఆడకూడదని, తోటివాళ్ళకు సాయం చేయాలని చిన్నప్పటి నుంచి చెప్పింది నేనే. తీరా ఆ పని చేయబోతే కాగితం చీరల కింద దాచిందీ నేనే.

పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచాలని ఈమధ్య క్లాసులు, క్యాంపులు పెడుతున్నారు. అద్దం ముందు నిలబడి మాట్లాడమంటారు, స్టేజి భయం పోగొడతారు. తప్పు లేదు. కానీ దుర్గాబాయికి ధైర్యం అలా వచ్చింది కాదు. ఆమె చేతికి నిజమైన పని వచ్చింది. డబ్బు పోగుచేసే పని, చోటు వెతికే పని, తలుపు దగ్గర నిలబడే పని. ఆ పని నడుస్తున్నప్పుడు ఎవరో ఒక పెద్దవాళ్ళు అడ్డు తొలగారు. ఒకాయన బడి ఆవరణ ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు తలుపు తీసి ఉంచారు. తల్లి కృష్ణవేణమ్మ కూడా కాంగ్రెస్ పనుల్లో తిరిగిన మనిషే.

"ఆవిడంటే దుర్గాబాయి. మన పిల్లలు మామూలు పిల్లలు కదా" అన్నారు మా సంఘంలో ఒకావిడ. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆమె జీవితంలో తర్వాతి భాగమంతా మామూలు పిల్లల కథే.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మొదలై 1933 లోపు దుర్గాబాయి పలుమార్లు జైలుకెళ్లారు. అక్కడ చదువు రాక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళను చూశాకే తను చదవాలి, లా చదవాలి అనుకున్నారు. ఏనాడో వదిలేసిన చదువును మళ్ళీ పట్టుకుని, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ గట్టెక్కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేసి, తనలాగే చదువుకోవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, హాస్టల్ తామే పెట్టుకున్నారు. చివరికి 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు.

ఈ మధ్యలోనే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. దాని మొదలు ఎంత చిన్నదో తెలుసా? 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అని ఆడపిల్లల చిన్న బృందం. తర్వాత చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్ళను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం. చిన్నతనంలో పెళ్లయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, పుట్టింట్లో మూల కూర్చున్నవాళ్ళు. వాళ్ళెవరూ గాంధీగారి ప్రసంగాలు తర్జుమా చేయలేదు. వాళ్ళకు దొరికింది మళ్ళీ పుస్తకం పట్టుకునే వీలు, పక్కన తనలాంటి ఇంకొక పిల్ల. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువాగిన ఆడవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షలకు తయారయ్యే సంక్షిప్త కోర్సులను 1958లో ఆ మండలి దేశమంతా మొదలుపెట్టింది. మద్రాసులో ఒక ఇంట్లో చేసి చూసిన పనే అది.

ఆ తర్వాతి తరంలోనూ ఇదే కనిపిస్తుంది. 1990లలో మన పల్లెల్లో మహిళా సమత వాళ్ళు పనిచేశారు. ఊళ్లో మహిళా సంఘాలతో పాటు బాలికా సంఘాలు కూడా పెట్టించారు. బడి మానేసి పత్తి చేలకు పోయే పిల్లలు, పదమూడు పద్నాలుగేళ్లకే పెళ్లి మాటలు వినే పిల్లలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. తోటి పిల్లకు పెళ్లి కుదిరిస్తే ఒక్కతే వెళ్లి అడగలేదు. పదిమంది కలిసి వెళ్లి అడగగలరు. వెనక అమ్మల సంఘం ఉంటే ఆ పదిమంది మాటను ఊరు కూడా వింటుంది.

మా పిల్ల కాగితం మీద పదిహేడు సంతకాలు ఉన్నాయని మొదట్లో చెప్పాను కదా. అది చేసింది కూడా అదే. ఒక్కతే అడగకూడదని దానికి ఎవరు నేర్పారో మరి. నేను మాత్రం ఆ పదిహేడులో ఒక్క పేరే చూశాను.

మహిళా సంఘంలో ఆ పది నిమిషాలు మాట్లాడి ఇంటికొచ్చిన రాత్రి బీరువా తీసి, ఆ కాగితం దాని ముందు పెట్టాను. "ఇది ఇవ్వు. ఏమైనా అంటే నేనూ వస్తాను" అన్నాను. అది వెంటనే ఎగిరి గంతేయలేదు. "నువ్వు నిజంగా వస్తావా?" అంది. ఆ ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. రెండు వారాల్లోనే నా మాట మీద అంత అనుమానం వచ్చింది మరి దానికి.

సెలవుల తర్వాత ఇచ్చారు. నేను వెళ్లాల్సిన అవసరం రాలేదు గానీ ఇంకో ముగ్గురు తల్లులకు ఫోన్ చేసి చెప్పి ఉంచాను. మూడింటిలో రెండు తలుపులకు గడియలు పెట్టించారు. మూడో దానికోసం ఇంకో ఉత్తరం రాస్తోంది. ఈసారి ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని నాకే ఇచ్చింది. నాలుగు తప్పులు దిద్దాను. మాటలు మాత్రం ఒక్కటీ మార్చలేదు. సంతకాలు ఈసారి ఇరవై మూడు.