పార్కు నియమం ఎవరికి?

కోలారు నుంచో, చింతామణి నుంచో, బాగేపల్లి నుంచో బెంగళూరు వెళ్ళిన మనవాళ్ళు లాల్‌బాగ్ చూడకుండా తిరిగి రావటం అరుదు. జనవరి 26కీ, ఆగస్టు 15కీ జరిగే పూలప్రదర్శనలకు పిల్లాపాపలతో బయలుదేరుతారు. పూలు కోయకూడదు, చెట్ల మీద పేర్లు చెక్కకూడదు, చెత్త పారవేయకూడదు. ఇవన్నీ చూడవచ్చినవారికి నియమాలు. మరి తోటను ఏలేవారికి నియమం లేదా? ఉంది. అది ఎలా వచ్చిందో ఈవేళ చెప్పుకుందాం.

లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. టిప్పు సుల్తాన్ దూరదేశాల మొక్కలు తెప్పించి పెంచాడు. అప్పుడది ఏలికల తోట. 1856లో ప్రభుత్వ వృక్షోద్యానమైంది. 1870లో, మైసూరు రాజ్యపు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ హయాంలో, కబ్బన్ పార్కు వెలిసింది. క్రమంగా రెండూ ఊరివారందరివీ అయ్యాయి.

ఊరు పెరిగింది. జాగా ధర పెరిగింది. ఖాళీగా కనిపించే నేల మీద కన్ను పడటం సహజం. 1975లో కర్ణాటకలో ప్రభుత్వ ఉద్యానవనాల సంరక్షణ చట్టం వచ్చింది. ఈ తోటల భూమిని అమ్మటానికి గాని, లీజుకివ్వటానికి గాని, దానం చేయటానికి గాని, తాకట్టు పెట్టటానికి గాని వీల్లేదని అది ప్రభుత్వానికే హద్దు గీసింది.

పెద్ద తోటల సంగతి సరే, వీధి చివరి పార్కు మాటేమిటి? బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో, ప్లానులో పార్కుకని వదిలిన స్థలాన్ని, ముఖ్యమంత్రి ఆదేశం మీద నగరాభివృద్ధి సంస్థ ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించింది. ఆసుపత్రీ జనానికి మేలే కదా అన్న వాదన వచ్చింది. ఆ పేటవాసులు ఒప్పుకోలేదు. హైకోర్టులో మొదట ఓడారు, అప్పీలులో గెలిచారు. 1991లో సుప్రీంకోర్టు కూడా వారి పక్షానే తీర్పు చెప్పింది. పార్కుకని వదిలిన చోటు పార్కుగానే ఉండాలంది.

పువ్వు కోస్తే రేపు మరొకటి పూస్తుంది. నేల పోతే మళ్ళీ రాదు. అలాగని చిన్న నియమాలు చిన్నవి కావు. చెత్త నిండి, కంచె ఊడి, ఎవరూ అడుగుపెట్టని పార్కునే "ఎవరికీ పనికిరానిది" అనటం సులువు. రోజూ పదిమంది నడిచే చోటును అలా అనటం కష్టం. మీ ఊరి లేఅవుటులో పార్కుకు వదిలిన జాగా ఎక్కడుందో ఒకసారి పురపాలక కార్యాలయంలో ప్లాను చూసి తెలుసుకోండి. సాయంత్రం పిల్లల్ని అక్కడికే తీసుకువెళ్ళండి.