కోటనుండి కడలివఱకు: మొగల్తూరు తోటలు

మొగల్తూరు చరిత్రమును తెలిసికొనగోరువారు కోట యొద్ద బయలుదేరి సముద్రము వైపు కాలినడకన పోవుట మేలు. కలిదిండి రాజుల జమీందారీకి ముఖ్యస్థానమై ఒకనాడు సీమనెల్ల శాసించిన ఆ కోట వైభవము గతించినది. కాని దాని చుట్టును ఊరు పెంచుకొన్న పచ్చదనము, గతించిన కాలమునకు సాక్షియై నేటికిని నిలిచియున్నది.

1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరీజలమును కాలువలకు మళ్లించిన పిమ్మట, డెల్టా శివారునకు చేరిన నీటితో వరిచేలును, నీరు నిలువని ఇసుకమెరకలయందు కొబ్బరితోటలును వర్ధిల్లినవి. మా తోట ఒక్క చెట్టుతో తీరునది కాదు. కొబ్బరినీడను అరటియు, కందయు, ఇటీవల కోకోయును పెరుగును. కాయ దింపునకు, మట్ట పందిరికి, ఈనె చీపురునకు, పీచు త్రాటికి వచ్చును. ఏదియు వ్యర్థము కాదు. ఆవల పేరుపాలెము చేరునప్పటికి నేల ఇసుకయగును. అచ్చట సరుగుడుతోపులు ఎగిరెడి ఇసుకను పట్టి, కడలిగాలిని మ్రాన్పడజేయుచుండును.

1760లో హైదరాలీ నాటించిన బెంగుళూరి లాల్‌బాగ్ రాజుగారి వనముగా పుట్టి ప్రజల వనమైనది. మా తోటలు అట్లు గాక, సామాన్య కాపుదనముననే పుట్టి, బాటసారికి కూడ నీడనిచ్చినవి. కంచెయు ఫలకమును లేకుండుటచేతనే కాబోలు, వీనిని చారిత్రక సంపదగా మనము గణింపలేదు.

ఆ యలక్ష్యమునకు మూల్యము ఇప్పుడు చెల్లించుచున్నాము. రొయ్యల చెరువులు వచ్చిన చోట, ఉప్పునీరు గట్టు దాటి ప్రక్కతోట వేళ్లకు పాకి, కొబ్బరిమొవ్వు పలుచబడి, కాయ సన్నగిల్లుచున్నది. చెరువు త్రవ్వినవానికి జీవనోపాధి కావలెననుట నిజమే; కాని ఆ ఉప్పు పొరుగువాని తోటను మ్రింగుట న్యాయము కాదు.

కొబ్బరిమొక్కను నాటినవాడు తొలికాయకై ఆరేడేండ్లు వేచియుండును. ఆ చెట్టు అతని మనుమల కాలమునను కాచును. తోట నడుమ పోవు కాలిబాటలను, కాలువగట్టు చెట్లను, తీరపు సరుగుడును ఊరందరి సొత్తుగా కాపాడుదుమేని, మన మనుమలును కోటనుండి కడలివఱకు నీడనే నడువగలరు.